ఎవరి చెవితో పాటలు ఎంచాను

రేడియోలో పాటలు ఎంచే ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు. "ఏ పాట నిలబడుతుందో మీకు ముందే ఎలా తెలిసేదండీ?" అని. నాకు తెలిసేది కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ మాట పైకి అనలేకపోయాను. ఇప్పుడు రిటైరై ఏలూరులో మా ఇంట్లో కూర్చున్నాను కాబట్టి చెప్పడానికి అడ్డమేమీ లేదు. ఏవో సూత్రాలు దొరుకుతాయని మాత్రం ఇది చదవకండి. జరిగింది చెబుతాను.

పని ఏమిటంటే

మైకు ముందు మాట్లాడేవాళ్ళ గొంతు జనం గుర్తుపడతారు. వాళ్ళ వెనక గదిలో, ఏ గంటలో ఏ పాట రావాలో జాబితా వేసే మనిషి ఒకరుంటారు. మా ఎఫ్.ఎం. స్టేషన్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఆ మనిషిని నేనే. ప్రతి గురువారం కొత్త పాటలు వచ్చేవి. మొదట్లో సీడీల్లో, తరువాత మెయిల్లో. విని మూడు రకాలుగా విడదీయాలి. రోజూ చాలాసార్లు వేసేవి, ఎప్పుడో ఒకసారి వేసేవి, అసలు వేయనివి. మొదటి రకంలో పడ్డ పాట వారం తిరిగేసరికి ఏలూరు ఆటోల్లో, నల్లజర్ల టిఫిన్ సెంటర్లలో, పెదవేగి ఆయిల్ పామ్ తోటల్లో ట్రాక్టర్ల మీద వినపడుతుంది. మూడో రకంలో పడ్డ పాట సంగతి ఎవరికీ తెలియదు. ఎందుకు వేయలేదని అడిగేవాళ్ళు కూడా ఉండరు, ఆ పాట పాడినవాళ్ళు తప్ప.

నేను చేరినప్పుడు సినిమా పాటలన్నీ ఒక్కసారే వచ్చేవి. ఆరు పాటల్లో ఎవరూ పట్టించుకోని ఐదోది రెండు నెలల తరువాత మెల్లగా జనం నోట్లోకి ఎక్కేది. ఇప్పుడు ఒక్కొక్క పాటనే వదులుతున్నారు. దాన్ని సింగిల్ అంటారు. సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా పాడి సింగిల్స్ చేసేవాళ్ళూ ఎక్కువయ్యారు. ప్రతి సింగిలూ తానే పెళ్ళికొడుకునన్నట్టు ముస్తాబై వస్తుంది. వాద్యాలు నాలుగు క్షణాలు మోగేలోపు గొంతు ఎత్తుకోవాలి, ఫోనులో చిన్న వీడియో చేసుకోవడానికి వీలుగా ఒక ముక్క ఉండాలి. అవి చెడ్డ పాటలని అనను. కొన్ని నాకు చాలా నచ్చాయి. కాని వరసగా పది విన్నాక మొదటిది ఎలా ఉందో గుర్తుండేది కాదు. లోపం పాటలదో, నా వయసుదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సూర్యనారాయణ గారి కారు

నా మొదటి బాస్ సూర్యనారాయణ గారు కొత్త పాటను ఆఫీసులో వినేవారు కాదు. నన్ను కారెక్కించుకుని, అద్దాలు దించి, తాడేపల్లిగూడెం రోడ్డు మీద కొంతదూరం తీసుకువెళ్ళేవారు. పక్కన లారీ వచ్చినప్పుడు పాట పెట్టేవారు.

"ఏవండీ భారతి గారూ, మాటలు వినపడ్డాయాండీ?"

"వినపడలేదండీ."

"అయితే వద్దండీ. మన శ్రోతలు స్టూడియోలో తలుపులేసుకుని వినరు కదండీ."

ఆయన దగ్గర నేర్చుకున్నది నాకు చివరిదాకా పనికొచ్చింది. రేడియో పాట ఎప్పుడూ ఏదో ఒక రొద మధ్యలోనే మనిషిని చేరాలి. దీన్ని మరిచిపోయినవాళ్ళు ఈ పనికి రారు. అయితే ఆ లెక్కన మెత్తని పాటలన్నీ లారీల కింద పడిపోయాయి. అలా మేము తీసేసిన ఒక జోలపాటను, రెండేళ్ళ తరువాత ఒక బారసాలలో ఆడవాళ్ళందరూ కలిసి పాడడం విన్నాను. ఒక్క మాట తప్పకుండా పాడారు. మర్నాడు ఆయనతో చెబితే, "అవునాండీ! మనం వేయలేదు కదా, మరి వాళ్ళు ఎక్కడ విన్నారండీ?" అన్నారు. ఇద్దరం కాసేపు ఆలోచించాం. మాకు అంతు పట్టలేదు.

శ్రోతల ఫోన్లు

సరే, జనం ఏం అడుగుతున్నారో అదే వేద్దామని ఫోన్లను నమ్ముకున్నాను. అక్కడ ఇంకో రకంగా దెబ్బతిన్నాను. ఒక సినిమా సింగిల్ కోసం వారం రోజులపాటు ఫోన్లు కురిశాయి. లక్ష్మి, సుజాత, రాంబాబు, నాగేశ్వరరావు, రోజుకు ఇరవై పేర్లు. ఊరంతా ఊగిపోతోందనుకుని ఆ పాటను మొదటి రకంలోకి ఎక్కించాను. తరువాత ఎందుకో అనుమానం వచ్చి రికార్డింగులు మళ్ళీ విన్నాను. ఎవరు మాట్లాడినా వెనక ఒకటే మైకు వినపడుతోంది: రాజమండ్రి వెళ్ళే బస్సు సిద్ధంగా ఉందని. కనుక్కుంటే తేలింది: జంగారెడ్డిగూడెం బస్టాండులో నిలబడి నలుగురు అభిమానులు, ఆడగొంతులు కూడా పెట్టి, వారమంతా ఫోన్లు చేశారు.

పాటను తీసేద్దామనుకున్నాను. ఈలోగా నిజంగానే జనానికి నచ్చేసింది. వేరే ఊళ్ళ నుంచి, బస్టాండు మైకు లేకుండా, ఫోన్లు రావడం మొదలైంది. ఆ నలుగురిదీ మోసమని అనాలో, నాకంటే వాళ్ళకే ముందు తెలిసిందని అనాలో అర్థం కాలేదు.

ఖాదర్ గారు

ఈ అయోమయంలో ఉండగా ఒక మనిషి దొరికారు. ఖాదర్ గారు తాడేపల్లిగూడెంలో టైలరు. ఉల్లిపాయల మార్కెట్టు పక్కన చిన్న షాపు. పొద్దున్నుంచీ రేడియో పెట్టుకుని కుట్టేవారు. మధ్యాహ్నం అన్నానికి లేచేముందు మా ఆఫీసుకు ఫోన్ చేసేవారు. ఫలానా పాట వేయమని ఏనాడూ అడగలేదు. విన్న కొత్తపాట మీద తన అభిప్రాయం చెప్పేవారు, అంతే.

"మేడమ్ గారండీ, పొద్దున్న వేసిన కొత్తపాట విన్నానండీ. పల్లవి పాలిష్‌గా ఉందండీ. చరణంలోకి వచ్చేసరికి కుట్టు వదిలేసిందండీ. నెల ఆగదండీ."

నెల ఆగలేదు.

ఇంకోసారి, "ఇది మొదటిసారి వింటే ఏమీ ఉండదండీ. నాలుగుసార్లు వేసి చూడండి. వేసుకోగా వేసుకోగా ఒంటికి పట్టే చొక్కా లాంటిదండీ" అన్నారు. అలాగే అయ్యింది.

నేను ఒక నోటుబుక్కు పెట్టి ఆయన చెప్పినవన్నీ రాయడం మొదలుపెట్టాను. మొదట నా అభిప్రాయం రాసి, దాని కింద ఆయనది రాసేదాన్ని. కొన్నాళ్ళకు ఆయన ఫోన్ వచ్చేదాకా నాది రాయడం మానేశాను. మీటింగుల్లో అందరి ముందూ సూర్యనారాయణ గారు "భారతి గారి చెవి లాంటి చెవి మన దగ్గర ఇంకోటి లేదండీ" అనేవారు. నేను తలదించుకుని నవ్వేదాన్ని. అది వినయమని అందరూ అనుకున్నారు. ఒక టైలరు మాట మీద స్టేషన్ నడుపుతున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఏడేళ్ళు అలా గడిచాయి. నా ఉద్యోగంలో నేను చేసిన మొదటి తప్పు ఇది. దానిలోంచే రెండోది పుట్టింది.

రమ్య తెచ్చిన పాట

రమ్య కైకలూరులో చేపల చెరువుల మందులమ్మే షాపులో పనిచేసేది. వాళ్ళ ఊరు కొల్లేరు సరస్సులో ఒక లంక. ఒకరోజు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, పెన్‌డ్రైవ్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పాట తనే రాసి, తనే పాడింది. వరదకు రోడ్డు మునిగిన రోజున, రాదని తెలిసినా బస్సు కోసం గట్టు మీద నిలబడి చూసే ఒక ఆడమనిషి పాట.

అందులో గొంతు మొదలయ్యేముందు నలభై సెకన్లు ఉత్త నీళ్ళ చప్పుడే ఉంది. అది కూడా చాలా చిన్నగా.

"ఇది తగ్గించకూడదామ్మా?" అని అడిగాను.

"తగ్గిస్తే ఆవిడ అప్పుడే వచ్చి నిలబడినట్టు ఉంటుందండీ. చాలాసేపటి నుంచి నిలబడి ఉందండి ఆవిడ" అంది.

ఆ సమాధానం నాకు నచ్చింది. పాట నచ్చిందో లేదో తెలియలేదు. పైస్థాయికి వెళ్ళినచోట గొంతు కొద్దిగా వణికింది. అది తప్పో, అందమో తేల్చుకోలేక, ఒకరోజు పదకొండు గంటలకు ఒక్కసారి వేయించి, ఖాదర్ గారి ఫోను కోసం కూర్చున్నాను. ఆ రోజు ఆయన అన్నం వేళదాకా ఆగలేదు. పాట అయిన ఐదు నిమిషాలకే చేశారు.

"మేడమ్ గారండీ, ఇప్పుడు వేసిన పాట ఇంకెప్పుడూ వేయకండి."

"ఎందుకండీ? బాగాలేదాండీ?"

"చెప్పలేనండీ. వేయకండి, మీకు పుణ్యముంటుంది."

ఏడేళ్ళలో ఏ పాట గురించీ ఆయన కారణం చెప్పకుండా మాట్లాడలేదు. ఆ తేడా నాకు తట్టాల్సింది. తట్టలేదు. పాటను మూడో రకంలో పడేశాను.

పది రోజుల తరువాత రమ్య ఫోన్ చేసింది. "మా షాపులో రోజూ రేడియో పెట్టుకునే ఉంటున్నానండీ. మళ్ళీ రాలేదండీ" అంది.

"శ్రోతలకు నచ్చలేదమ్మా" అన్నాను.

"ఎంతమందికండీ?"

"చాలామందికి" అన్నాను.

"ఆయ్. అలాగేనండీ" అని పెట్టేసింది. మళ్ళీ ఇంకో పాట తేలేదు.

తాడేపల్లిగూడెంలో

ఆ తరువాత మూడేళ్ళు ఖాదర్ గారు ఫోన్లు చేస్తూనే ఉన్నారు, నేను రాసుకుంటూనే ఉన్నాను. నేను రిటైరయ్యే సంవత్సరం ఉన్నట్టుండి ఫోన్లు ఆగిపోయాయి. రెండు నెలలు చూశాను. ఆయనకు ఏమైందోనన్న దిగులు కంటే, కొత్త పాటలు ఎలా ఎంచాలన్న భయమే నాకు ఎక్కువగా ఉండింది. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను. చివరికి ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళాను.

షాపు తెరిచే ఉంది. ఆయన కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నారు. నేను "ఖాదర్ గారూ" అని మూడుసార్లు పిలిచాను. పలకలేదు. లోపలి నుంచి ఆయన భార్య నూర్జహాన్ గారు, చేతిలో గుండీలకు కాజాలు కుడుతున్న చొక్కాతో వచ్చి, ఆయన భుజం తట్టారు.

"రేడియో మేడమ్ గారు!" అని ఆవిడ నా గొంతు విని గుర్తుపట్టారు. స్టేషన్ వార్షికోత్సవాలకు రెండుమూడుసార్లు నేను మైకులో మాట్లాడాను. అది గుర్తుపెట్టుకున్నారు. "రండి, కూర్చోండి. ఆయనకు వినపడదండీ. ఫోను కూడా వినపడడం మానేసింది. అందుకే చేయట్లేదండీ."

"ఎప్పటినుంచండీ?"

"పాటలు వినపడక నాలుగైదేళ్ళు దాటిందండీ. ఫోను చెవికి గట్టిగా ఆన్చుకుంటే మాట తెలిసేది. పాట మాత్రం ఉత్త రొదలా ఉండేదట."

నాకు అర్థం కాలేదు. "మరి పాటల గురించి నాకు చెప్పేవారు కదండీ?"

ఆవిడ చొక్కా వైపు చూస్తూ నవ్వారు. "నేను చెప్పేదాన్నండీ. ఇది బాగుంది, ఇది బాగాలేదు, ఇది కొన్నాళ్ళాగితే బాగుంటుంది అని. ఆయన దానికి కుట్టూ గుడ్డా కలిపి మీకు చెప్పేవారు. నన్నే ఫోన్ చేయమంటే నాకు మొహమాటమండీ. ఆయనకేమో మీతో మాట్లాడ్డం మానాలంటే ఇష్టం లేదు."

బ్యాగులో నా నోటుబుక్కు ఉంది. తీసి చూశాను. ఆయన మాట ఎక్కడ ఆగి ఆవిడ మాట ఎక్కడ మొదలైందో పేజీలు తిప్పి వెతికాను. ఆవిడను కూడా అడిగాను. ఆవిడకూ గుర్తులేదు. మొదటి నుంచీ కొన్ని ఆవిడవేనట. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి.

అప్పుడు రమ్య పాట గుర్తొచ్చింది. "నీళ్ళ చప్పుడుతో మొదలయ్యే పాట ఒకటి వేశానండీ. అది మీకెందుకు నచ్చలేదు?"

ఆవిడ చేతిలో సూది ఆగింది. "నచ్చకపోవడమేంటండీ? ఆ పాట మళ్ళీ వేస్తారని ఎన్నాళ్ళు చూశానో! ఒక్కసారే వేశారు. ఆ రోజు మిషను మీద తల పెట్టుకుని ఏడ్చేశానండీ."

"ఎందుకండీ?"

"ఏమో అండీ. నాకేం కష్టం లేదు. మావాళ్ళెవరూ పోలేదు. అయినా ఏడుపొచ్చింది."

ఖాదర్ గారు మా ఇద్దరి ముఖాలూ చూస్తున్నారు. ఏం మాట్లాడుకుంటున్నామని భార్యను సైగతో అడిగారు. ఆవిడ ఆయన చెవి దగ్గర నోరుపెట్టి గట్టిగా చెప్పారు. ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టారు. తరువాత నావైపు తిరిగి అన్నారు.

"నాకు పాట వినపడలేదండీ. తలెత్తి చూస్తే ఈవిడ ఏడుస్తోంది. అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదండీ. రేడియోలో ఏదో వచ్చిందని మాత్రం తెలిసింది. అది ఇంకెప్పుడూ రాకూడదనిపించింది. మీకు ఫోన్ చేసేశాను."

నూర్జహాన్ గారు ఆయన వైపు తిరిగి, "నన్నొక్క మాట అడగొద్దా?" అన్నారు. ఆ మాట ఆయనకు వినపడలేదు. నాకు వినపడింది. నేనూ ఎవరినీ అడగలేదు.

చివరి వారం

రమ్య నంబరు నా దగ్గర ఉంది. డయల్ చేయడానికి నాలుగు రోజులు పట్టింది. జరిగిందంతా చెప్పాను. "చాలామందికి నచ్చలేదన్నాను. అబద్ధమమ్మా. వద్దన్నది ఒక్కరే. ఆయన కూడా పాట వినలేదు."

షాపులో ఎవరో రొయ్యల మందు అడుగుతుంటే ఆ అమ్మాయి వాళ్ళతో "ఉండండి" అంది.

"అయితే నా పాట బాలేదని ఎవరూ అనలేదాండీ?"

"లేదమ్మా."

"మూడేళ్ళయిందండీ" అంది.

పాట మళ్ళీ వేయవచ్చా అని అడిగాను. "మీ ఇష్టమండీ. నేను పాడడం మానేశాను" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

వేయడం కూడా అప్పటికి నా చేతిలో లేదు. ఆ నెల నుంచే పాటల జాబితా పెద్ద ఆఫీసులో తయారై కంప్యూటర్లో వచ్చేస్తోంది. నేను సరిచూసి సంతకం పెట్టేదాన్ని, అంతే. కాని రిటైరయ్యేవాళ్ళకు చివరి రోజున ఒక పాట ఎంచుకోనివ్వడం మా స్టేషన్‌లో అలవాటు. నేను ఏదో పాత సినిమా పాట అడుగుతానని అందరూ అనుకున్నారు. రమ్య పాట ఇచ్చాను. పదకొండు గంటలకు వేశారు.

పది సెకన్లకు స్టూడియోలో అమ్మాయి కంగారుగా నావైపు చూసింది. ఇరవై సెకన్లకు మేనేజరు గదిలోంచి లేచి వచ్చారు. "ఏమైందండీ, ఆగిపోయిందా?" ఫోన్లు మోగాయి. ఇద్దరు శ్రోతలు అదే అడిగారు. "రేడియో పాడైందాండీ, ఏదో బుడబుడమంటోంది." తరువాత రమ్య గొంతు మొదలైంది. పైకి వెళ్ళినచోట వణికింది. నేను కళ్ళు మూసుకుని విన్నాను. బాగుందా? ఆ మూడున్నర నిమిషాల్లో నేను వింటున్నది పాటనో, నా తప్పునో నాకు తెలియలేదు.

కాసేపటికి రమ్య ఫోన్ చేసింది. "విన్నానండీ. షాపులో అందరం విన్నాం. పైన గొంతు నిలవలేదండీ. ఇప్పుడైతే అలా పాడను" అంది. పాడడం మానేశానని మొన్ననే చెప్పిన అమ్మాయి "ఇప్పుడైతే అలా పాడను" అంటే ఏమనుకోవాలి? అడుగుదామనుకునేలోపు షాపుకు ఎవరో వచ్చారని పెట్టేసింది.

మధ్యాహ్నం, అందరూ నాకు దండ వేసి ఫోటోలు తీస్తుండగా, ఆఫీసు ఫోన్ మోగింది. నూర్జహాన్ గారు. ఆవిడ స్టేషన్‌కు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"మేడమ్ గారండీ, పాట విన్నానండీ. ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, రేడియో మీద చెయ్యి పెట్టించానండీ."

"ఎలా ఉందండీ?"

"అదేనండీ తెలీట్లేదు. ఈసారి ఏడుపు రాలేదండీ. ఇది అదే పాటేనాండీ? ఏమైనా మార్చారా?"

"ఏమీ మార్చలేదండీ. అదే పాట."

అవతల ఆవిడ ఆలోచిస్తున్నారు. వెనక మిషను చప్పుడు వినపడుతోంది. ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసిన అభిప్రాయం అసలు గొంతుతో రాబోతోందని ఫోను చెవికి గట్టిగా ఆన్చుకున్నాను.

"ఒక్కసారికి చెప్పలేనండీ" అన్నారు ఆవిడ. "రేపు ఇంకోసారి వేస్తారాండీ? విని చెబుతాను."

నా మెడలో దండ ఉంది. నా కుర్చీలో, నా తరువాత పని చేయబోయే అమ్మాయి అప్పుడే కూర్చుని రేపటి జాబితా చూసుకుంటోంది. నేను రేపు ఇక్కడ ఉండనని నూర్జహాన్ గారికి ఎలా చెప్పాలో తెలియక, ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను.